మగ్గాల షెడ్డులో ఏఎన్‌సీ బడ్స్ పనిచేస్తాయా? ధర్మవరం నుంచి బెంగళూరు దాకా హెడ్‌ఫోన్స్ సంగతి

ఈ రోజు ఎపిసోడ్ నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ మీద. "ఏది కొనాలన్నా?" అని మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు నుంచి చాలా మంది అడుగుతున్నారు. ఎక్కువ మంది బెంగళూరు ట్రైన్‌లో పోయి వచ్చేవాళ్ళే. వాళ్ళ మధ్యలో ఒక తమ్ముడు ధర్మవరం నుంచి వాయిస్ మెసేజ్ పెట్టాడు. మరమగ్గాల షెడ్డులో పని చేస్తాడంట. "అన్నా, షెడ్డులో సౌండు శానా ఎక్కువన్నా. ఫుల్ వాల్యూమ్ పెట్టినా పాటలు ఇనపడవు. రెండు వేల లోపల మంచి ఏఎన్‌సీ బడ్స్ చెప్పన్నా. పొద్దుగూకులూ పెట్టుకోవాల" అన్నాడు. వెనకాల మగ్గాల సౌండుకి ఆ మెసేజే నాకు రెండు సార్లు వింటే గానీ అర్థం కాలేదు.

మామూలుగా అయితే దీనికి రెండు లింకులు పెట్టి ఐదు నిమిషాల్లో వీడియో ముగించేయొచ్చు. నాకూ సులభమే. కానీ "ఫుల్ వాల్యూమ్ పెట్టినా ఇనపడవు" అన్నాడు చూడండి, దానికి లింకు జవాబు కాదు. ట్రైన్‌లో వినేవాడికి, షెడ్డులో వినేవాడికి ఒకే వస్తువు చెప్తే ఒకడికి డబ్బులు మిగులుతాయి, ఇంకొకడికి చెవులు పోతాయి. అందుకే ముందు ట్రైన్ వాళ్ళ సంగతి చెప్తా, తర్వాత షెడ్డు దగ్గరికి వస్తా. తమ్ముడూ, నువ్వు స్కిప్ చెయ్యొద్దప్పా. ట్రైన్ సంగతి అర్థమైతేనే నీ సంగతి అర్థమవుతుంది.

ఏఎన్‌సీ అంటే యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్. బడ్స్ బయటవైపు ఒక చిన్న మైక్ ఉంటుంది. అది బయటి శబ్దాన్ని వింటుంది. లోపలున్న చిప్ ఆ శబ్దపు అలకి సరిగ్గా తలకిందులుగా ఉండే అలని తయారుచేసి స్పీకర్‌లో వదులుతుంది. బయటి అల పైకి లేచినప్పుడు ఇది కిందికి దిగుతుంది. రెండూ కలిస్తే సున్నా, లేదా సున్నాకి దగ్గర. మంచి మోడల్స్‌లో చెవి లోపలివైపు కూడా ఇంకో మైక్ ఉండి, ఎంత మిగిలిందో చూసి సరిచేస్తూ ఉంటుంది. బీటెక్‌లో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ చదివేటప్పుడు ఇదంతా ఎందుకురా నాయనా అనుకున్నాం కదా, అది ఇందుకే.

ఐడియా కొత్తదేమీ కాదు. పాల్ లూయెగ్ అని జర్మనీ ఆయన, శబ్దాన్ని శబ్దంతోనే చంపే పద్ధతికి 1936లోనే అమెరికన్ పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో దాన్ని చేసి చూపించే ఎలక్ట్రానిక్స్ లేవు. ఆ తర్వాత 1978లో అమర్ బోస్ విమానంలో పోతూ, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంజన్ హోరుకి పాట సరిగ్గా వినపడక, అక్కడే కాగితం మీద లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. ఆయన తండ్రి బెంగాల్ నుంచి అమెరికా వలస పోయినాయన. బోస్ కంపెనీ మొదట 1989లో పైలట్లకి హెడ్‌సెట్ తెచ్చింది, మనలాంటి ప్రయాణికులకి 2000లో తెచ్చింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈ టెక్నాలజీ పుట్టిందే విమానం ఇంజన్ కోసం. అంటే ఒకే రకంగా, ఆగకుండా, బొంగురుగా వచ్చే హోరు కోసం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, షెడ్డు దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

ఎందుకు హోరు మీదే పనిచేస్తుంది? చిన్న లెక్క. బస్సు ఇంజన్ లాంటి బొంగురు శబ్దం 100 హెర్ట్జ్ అనుకుందాం. ఒక అల పూర్తి కావడానికి సెకనులో వందో వంతు పడుతుంది. చిప్ కొంచెం లేటుగా స్పందించినా నష్టం లేదు, అల నిదానంగా పోతోంది కాబట్టి అందుకుంటుంది. ఇప్పుడు 4000 హెర్ట్జ్ శబ్దం తీసుకోండి. ఇనుము మీద ఇనుము కొట్టినట్టు కీచుమనే శబ్దం. ఇక్కడ సెకనులో ఎనిమిది వేలవ వంతు లేటైందా, తలకిందుల అల కాస్తా అదే దిక్కు అల అయిపోతుంది. తగ్గించడం పోయి పెంచుతుంది. అందుకే కంపెనీలు ఏఎన్‌సీని సుమారు 1000 హెర్ట్జ్ దాకే గట్టిగా పనిచేయిస్తాయి. ఆ పైన ఉన్న శబ్దాన్ని ఆపేది ఎలక్ట్రానిక్స్ కాదు, మీ చెవిలో కూర్చున్న రబ్బరు టిప్పు.

ఇప్పుడు ట్రైన్ ఎక్కుదాం. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం, యలహంక. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినన్నాళ్ళూ వారానికోసారి ఈ లైన్లో తిరిగినవాణ్ణి, ప్రతి స్టేషన్‌లో టీ ఎవరు బాగా పెడతారో కూడా చెప్పగలను. ఆ ఎపిసోడ్ వేరే చేద్దాం. మెము గానీ జనరల్ బోగీ గానీ, కిటికీలన్నీ తెరిచి ఉంటాయి. కింద చక్రాల హోరు, పక్కన గాలి, మధ్యలో పాయింట్లు మారేటప్పుడు ధడధడ, పల్లీలమ్మే కేక, ఎవరో ఒకాయన స్పీకర్ పెట్టి చూసే రీల్స్. ఇందులో ఏఎన్‌సీ తినేసేది చక్రాల హోరుని. బాగా తింటుంది, మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోగీ కింద ఎవరో పరుపు వేసినట్టు ఉంటుంది. కానీ పల్లీల కేక వినపడుతుంది. పక్కాయన రీల్స్ కూడా వినపడతాయి. చాలా మంది దీన్ని చూసి "నా బడ్స్ డూప్లికేటన్నా, మాటలు వినిపిస్తున్నాయి" అని మెసేజ్ పెడతారు. కాదు, అది అంతే. మనిషి గొంతుని పూర్తిగా మాయం చేసే బడ్స్ ఏ రేటులోనూ లేవు.

కిటికీ పక్కన సీటు దొరికినవాళ్ళకి ఇంకో తలనొప్పి. గాలి నేరుగా మైక్ మీద కొడుతుంది. చిప్ దాన్ని శబ్దం అనుకుని తలకిందుల అల తయారుచేస్తుంది, చెవిలో బుసబుసమని కొత్త గోల మొదలవుతుంది. యాప్‌లో విండ్ మోడ్ ఉంటే అది పెట్టుకోండి, లేకపోతే ఆ కాసేపు ఏఎన్‌సీ ఆపేయండి. ఎత్తుకుని తిప్పి కొట్టాల్సిన సమస్య కాదు.

ఏఎన్‌సీకి అన్నిటికంటే బాగా సరిపోయే చోటు ఏదంటే, అద్దాలు మూసిన బస్సు. ఎర్రమంచి దగ్గర కియా వచ్చినప్పటి నుంచి, అంటే 2019లో కార్లు బయటికి రావడం మొదలైనప్పటి నుంచి, పెనుకొండ చుట్టూ ఎన్ని కంపెనీ బస్సులు తిరుగుతున్నాయో మీకే తెలుసు. షిఫ్ట్ బస్సులో గంట ప్రయాణం, డీజిల్ ఇంజన్ గుర్రుమంటా ఉంటుంది, నిద్ర రాదు, పాట వినపడదు. ఆ బస్సులో కూర్చునేవాళ్ళకి రెండు వేల రూపాయల ఏఎన్‌సీ బడ్స్ కూడా పైసా వసూల్. ఒక్క మాట, అవి బస్సు దాకానే. కంపెనీ లోపల మిషన్ల దగ్గర సేఫ్టీ వాళ్ళు ఇచ్చే ఇయర్‌ప్లగ్గే పెట్టుకోవాలి. ఎందుకో ముందుకి చెప్తా.

ఏఎన్‌సీ వల్ల అసలు లాభం పాట బాగా వినపడడం మాత్రమే కాదు, వాల్యూమ్ తగ్గించుకోగలగడం. చుట్టూ హోరు ఉంటే మన మెదడు పాట ఆ హోరు కంటే పైన ఉండాలని కోరుకుంటుంది. మనకి తెలియకుండానే వేలు వాల్యూమ్ బటన్ మీదికి పోతుంది. హోరు తగ్గితే వేలు పైకి పోదు. ఏఎన్‌సీ ఆన్ చేసి కూడా మీరు మునుపటి వాల్యూమ్‌లోనే వింటున్నారంటే డబ్బులు పెట్టి కొన్న లాభంలో సగం వదిలేసినట్టే.

కొనేటప్పుడు డబ్బాలు చదవడం నేర్చుకోండి. మొదటి మోసం, మోసం అనకూడదేమో, తెలివి అందాం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఈఎన్‌సీ అని ఉంటుంది. ఏఎన్‌సీ కాదు, ఈఎన్‌సీ. ఎన్విరాన్‌మెంటల్ నాయిస్ క్యాన్సిలేషన్. ఇది మీకు కాదు, మీరు ఫోన్ మాట్లాడేటప్పుడు అవతలి మనిషికి. మీ మైక్‌లోంచి పోయే చప్పుడు తగ్గిస్తుంది, మీ చెవికి ఒక్క డెసిబెల్ కూడా తగ్గించదు. వెయ్యి రూపాయల లోపల నాయిస్ క్యాన్సిలేషన్ అని రాసి ఉన్న డబ్బాల్లో ఎక్కువ ఇవే. డబ్బా వెనక తిప్పి, ఏఎన్‌సీ అని విడిగా రాసి ఉందా లేదా చూసుకోండి.

రెండోది, నెంబర్. 30 డెసిబెల్స్, 45 డెసిబెల్స్, 50 డెసిబెల్స్ అని పోటీపడి వేస్తారు. అది సాధారణంగా ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ల్యాబ్‌లో వచ్చిన గరిష్ఠ తగ్గింపు. మొత్తం శబ్దం అంత తగ్గుతుందని కాదు. ఇంటి పక్కన పరీక్షలో ఒక్క లెక్కల్లో 95 వచ్చినవాడు "నాకు 95 వచ్చింది" అని ఊరంతా చెప్పుకున్నట్టు. మిగతా సబ్జెక్టులు అడగాలి కదా. బ్యాటరీ కూడా అంతే. డబ్బా మీద ఉన్న గంటలు ఏఎన్‌సీ ఆపేసి ఉన్నప్పటివి అయ్యుండొచ్చు, కింద చిన్న అక్షరాల్లో చూడండి.

మూడోది టిప్పులు. దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ నా దృష్టిలో సగం కథ ఇక్కడే ఉంది. డబ్బాలో మూడు సైజులు ఇస్తారు, మనోళ్ళు నూటికి తొంభై మంది ఫ్యాక్టరీలో బిగించిన మీడియంతోనే బతికేస్తారు. చెవికి సరిగ్గా మూత పడకపోతే బేస్ పోతుంది, ఏఎన్‌సీ కూడా దెబ్బతింటుంది. మూడూ పెట్టి చూడండి. రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలని కూడా లేదు. పెట్టుకుని మీ మాట మీకే కుండలో మాట్లాడినట్టు వినపడితే మూత బాగా పడినట్టు. స్పాంజ్ లాంటి ఫోమ్ టిప్పులు విడిగా దొరుకుతాయి, సిలికాన్ నిలవని చెవులకి అవి మేలు. టిప్పే లేకుండా చెవి బయట తగిలించుకునే పాత ఎయిర్‌పాడ్స్ షేపు బడ్స్‌లో ఏఎన్‌సీ అని రాసి అమ్ముతున్నారు. తలుపు తీసి పెట్టి ఏసీ వేసినట్టు.

ఇక ఏ రకం? తల మీద పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్స్ ఏఎన్‌సీలో సోనీ, బోస్ వాళ్ళవి పేరున్నవి. ఇరవై వేలు, ముప్పై వేల రేంజి. నిజంగానే చాలా బాగుంటాయి. కానీ ఏప్రిల్, మే నెలల్లో మన అనంతపురం ఎండలో, జనరల్ బోగీలో అవి పెట్టుకుని కూర్చోవడం ఎట్లా ఉంటుందో ఆలోచించుకోండి. చెవుల చుట్టూ చెమట కారి, కుషన్ ఏడాదికే తోలు ఊడుతుంది. ఏసీ చైర్‌కార్‌లో పోయేవాళ్ళకి, ఇంట్లో కూర్చుని కోడింగ్ చేసుకునేవాళ్ళకి ఓకే. మిగతావాళ్ళకి చెవిలో పెట్టుకునే బడ్సే. రెండు వేల నుంచి నాలుగు వేల లోపల ఇప్పుడు రియల్‌మీ, వన్‌ప్లస్, సీఎంఎఫ్, బోట్, జేబీఎల్ అందరికీ ఏఎన్‌సీ ఉన్న మోడల్స్ ఉన్నాయి. మోడల్ పేరు చెప్తే ఆరు నెలల్లో పాతబడుతుంది, అందుకే చెప్పడం లేదు. కిక్కిరిసిన మెములో తలుపు దగ్గర నిలబడి పోయేవాళ్ళు నెక్‌బ్యాండ్ తీసుకోండి. ఒక బడ్ పట్టాల మీద పడిపోతే మిగిలిన బడ్‌ని చూసి ఏడవడం తప్ప చేసేదేమీ ఉండదు.

స్టూడెంట్స్ ఉన్నారు కదా, నెలాఖరుకి రీఛార్జికే కష్టపడేవాళ్ళు. మీకు ఏఎన్‌సీ అక్కర్లేదు. ఐఈఎమ్‌లు అని వైరు ఉన్న ఇయర్‌ఫోన్స్ వస్తాయి, చెవి లోపలికి బాగా దిగి వైరు చెవి మీదుగా వెనక్కి పోతుంది. ఐదు వందల నుంచి పదిహేను వందల్లో మంచివి ఉన్నాయి. చార్జింగ్ గోల లేదు. మూత బాగా పడుతుంది కాబట్టి బయటి శబ్దం, ముఖ్యంగా కీచు శబ్దం, మాటలు, చవక ఏఎన్‌సీ బడ్స్ కంటే ఇవే బాగా ఆపుతాయి. పాట క్వాలిటీ కూడా అదే రేటు బ్లూటూత్ కంటే రెండు మెట్లు పైన ఉంటుంది. నా ఓటు వీటికే. ఫోన్‌కి జాక్ లేకపోతే టైప్-సీ కన్వర్టర్ వేసుకోండి. కోడెక్ గురించి, ఎల్‌డీఏసీ గురించి అడిగేవాళ్ళకి ఒకటే మాట: ధడధడమనే ట్రైన్‌లో ఆ తేడా వినే చెవి నాకు ఇప్పటిదాకా తగల్లేదు.

షాపులో పరీక్ష ఎట్లా? బస్టాండ్ దగ్గర తొమ్మిది వందలకి యాపిల్ బొమ్మ వేసి అమ్మేవి ఉంటాయి, ఫోన్ దగ్గర పెడితే అచ్చు ఒరిజినల్ లాగే స్క్రీన్ మీద బొమ్మ కూడా వస్తుంది. నమ్మొద్దు. పాట పెట్టకుండా బడ్స్ పెట్టుకుని, ఫ్యాన్ కింద గానీ ఇంజన్ ఆపకుండా నిలబడిన బస్సు పక్కన గానీ నిలబడండి. ఏఎన్‌సీ ఆన్, ఆఫ్, మళ్ళీ ఆన్. తేడా వెంటనే తెలియాలి. చెవి పెట్టి వెతుక్కోవాల్సి వస్తే అది లేనట్టే. వారంటీకి మీ 515 పిన్‌కోడ్‌కి పికప్ ఉందో లేదో కొనకముందే కంపెనీ సైట్‌లో చూసుకోండి, సర్వీస్ సెంటర్ బెంగళూరులో ఉంటే చార్జీలకే బడ్స్ రేటు అయిపోతుంది.

సరే తమ్ముడూ, ఇప్పుడు షెడ్డుకి పోదాం.

ధర్మవరం అంటే బయటివాళ్ళకి పట్టుచీర. మనకి తెలుసు, గుంత మగ్గం శబ్దం వేరు, మరమగ్గం శబ్దం వేరు. చేనేత మగ్గం మీద నాడె చేతి వేగంతో పోతుంది, పక్కనే రేడియో పెట్టుకుని నేసినవాళ్ళు ఎంతమందో. మరమగ్గంలో నాడెని మోటారు ఒక వైపు నుంచి కొడుతుంది, రెండో వైపు పెట్టెలో అది పోయి గుద్దుకుని ఆగుతుంది. నిమిషానికి వందకి పైగా దెబ్బలు, అట్లాంటి మగ్గాలు ఒక రేకుల షెడ్డులో పది, పన్నెండు. రేకు, సిమెంటు గోడ శబ్దాన్ని పీల్చుకోవు, తిప్పి కొడతాయి. నాడె ఉండే మరమగ్గాల షెడ్లలో 90 డెసిబెల్స్ దాటడం ప్రపంచంలో ఎక్కడైనా మామూలే. ఇంగ్లండ్‌లో లాంకషైర్ నేత మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్ళకి మీ-మాయింగ్ అని ఒక పద్ధతే ఉండేది. మాట వినపడదు కాబట్టి పెదవులు పెద్దగా కదిపి, చేతులతో సైగ చేసి మాట్లాడుకునేవాళ్ళు. మన షెడ్లలో సైగలు చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

ఇప్పుడు నేను ఇందాక చెప్పింది గుర్తు తెచ్చుకో. ఏఎన్‌సీ విమానం ఇంజన్ హోరు కోసం పుట్టింది. మగ్గం శబ్దం హోరు కాదు, దెబ్బ. టకటకటకమని ఒక్కో దెబ్బ ఉన్నట్టుండి వచ్చి ఉన్నట్టుండి పోతుంది. అందులో కింది ఫ్రీక్వెన్సీలు ఉంటాయి, పైవి కూడా గట్టిగా ఉంటాయి. చిప్ అందుకునే లోపల దెబ్బ పడిపోయి ఉంటుంది. ఇంకా ఘోరం ఏంటంటే, పెద్ద శబ్దం వల్ల మనిషి చెవి మొట్టమొదట దెబ్బతినేది 3000 నుంచి 6000 హెర్ట్జ్ మధ్యలో, ముఖ్యంగా 4000 దగ్గర. అంటే ఏఎన్‌సీ ఎక్కడ చేతులెత్తేస్తుందో సరిగ్గా అక్కడ. నువ్వు బడ్స్ పెట్టుకుంటే మోటారు గుర్రు తగ్గి "అబ్బా, సౌండు తగ్గిందే" అనిపిస్తుంది. నిన్ను దెబ్బ కొట్టే భాగం మాత్రం టిప్పు ఎంత ఆపితే అంతే ఆగి, మిగతాది లోపలికి వస్తూనే ఉంటుంది.

దాని మీద పాట. షెడ్డు శబ్దం కంటే పాట పైన వినపడాలంటే నువ్వు దాన్ని ఎక్కడికి పెంచాలో చూడు. డెసిబెల్ లెక్క మన రూపాయల లెక్క లాంటిది కాదు. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెండింతలు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకి ఎనిమిది గంటలు ఉండొచ్చు. 88 అయితే నాలుగు గంటలే. 91కి రెండు, 94కి ఒకటి, 97కి అర్ధగంట, 100కి పదిహేను నిమిషాలు. చాలా ఫోన్లు, ఇయర్‌ఫోన్లు కలిసి ఫుల్ వాల్యూమ్‌లో 100 దాటగలవు. నువ్వు "ఫుల్ పెట్టినా ఇనపడవు" అన్నావు. నీ షిఫ్ట్ ఎన్ని గంటలు?

మీటర్ లేకుండా తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడడానికి గొంతు పెంచాల్సి వస్తే అక్కడ సుమారు 85 ఉన్నట్టు. నీ షెడ్డులో గొంతు పెంచడం కాదు, చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి.

చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగంలో సన్నని వెంట్రుక కణాలు ఉంటాయి. శబ్దాన్ని మెదడుకి పంపేది అవే. చేనులో పైరు లాగా, గాలికి వంగి మళ్ళీ లేస్తాయి. రోజూ సుడిగాలి అయితే విరిగిపోతాయి. మనుషుల్లో అవి మళ్ళీ మొలవవు. మందు లేదు, ఆపరేషన్ లేదు. నొప్పి కూడా రాదు, అదే దీనితో వచ్చిన చిక్కు. మొదట డ్యూటీ దిగినాక చెవిలో గుయ్యిమంటుంది, పొద్దున్నకి తగ్గుతుంది. తర్వాత తగ్గదు. స, ష, ఫ లాంటి అక్షరాలు మసకబారతాయి. మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నాడో తెలీదు. ఇంట్లో టీవీ సౌండు పెరుగుతుంది. మగ్గాల మధ్య ముప్పై ఏళ్ళు పనిచేసిన పెద్దాయనల ఇంటికి పోతే ఆ టీవీ వీధి చివరికి వినపడుతుంది, వయసు మీద పడింది అనుకుంటాం.

నీకు ఇరవై రెండేళ్ళో, ఇరవై మూడేళ్ళో ఉంటాయి. నువ్వు కొనాల్సింది ఇయర్‌ప్లగ్. మెడికల్ షాపులో, సేఫ్టీ సామాన్లు అమ్మే షాపులో, ఆన్‌లైన్లో దొరుకుతుంది. ఫోమ్‌ది అయితే జత పది, ఇరవై రూపాయల మాట, కడుక్కుని వాడుకునే రబ్బరువి ఇంకొంచెం ఎక్కువ. ప్యాకెట్ మీద ఎన్ఆర్ఆర్ గానీ ఎస్ఎన్ఆర్ గానీ రాసి, పక్కన నెంబర్ ఉండాలి. బడ్స్ మీద ఉండే గరిష్ఠ నెంబర్ కాదు ఇది, అన్ని ఫ్రీక్వెన్సీల్లో టెస్ట్ చేసి ఇచ్చేది. కంపెనీల్లో సేఫ్టీ వాళ్ళు ప్లగ్గులే ఎందుకిస్తారు అంటే ఇందుకే. నీ బడ్స్‌ని చెవి రక్షణ పరికరంగా ఎవరూ టెస్ట్ చెయ్యలేదు.

పెట్టుకోవడం కూడా తెలియాలి, లేకపోతే ప్యాకెట్ మీద 33 అని ఉన్నా సగం కూడా రాదు. చేతులు కడుక్కో. ఫోమ్‌ని రెండు వేళ్ళ మధ్య బీడీ చుట్టినంత సన్నగా చుట్టు. రెండో చేత్తో తల వెనక నుంచి చెవిని పైకి, వెనక్కి లాగు. లోపలికి పెట్టి, అది ఉబ్బి నిండేదాకా ముప్పై సెకన్లు వేలితో పట్టుకో. బయటికి సగం కనపడుతుంటే సరిగ్గా పెట్టలేదని లెక్క.

"మరి పోగు తెగితే తెలియాల కదన్నా?" అంటావు. నాకు తెలిసిన నేతగాళ్ళు ఇదే అంటారు, అది న్యాయమైన మాటే. మగ్గం శబ్దంలో తేడా వినే వాళ్ళు పని చేస్తారు. ప్లగ్ పెట్టుకుంటే మొత్తం శబ్దం కిందికి దిగుతుంది గానీ మాయం కాదు, రెండు మూడు రోజుల్లో చెవి అలవాటు పడి ఆ తేడా మళ్ళీ పట్టుకుంటుంది. పాట పెట్టుకుంటేనే ఆ తేడా పూర్తిగా మునిగిపోతుంది. ఇంకొకటి, వైరు ఇయర్‌ఫోన్స్ గానీ నెక్‌బ్యాండ్ గానీ తిరిగే బెల్టు, చక్రం దగ్గరికి అస్సలు వద్దు. ఇందాక ఐఈఎమ్‌లకి ఓటేశాను కదా, ఆ ఓటు షెడ్డులో చెల్లదు.

పాట లేకుండా పొద్దు పోదు అంటే దానికీ ఒక వస్తువు ఉంది. ఫ్యాక్టరీల కోసం చేసే పెద్ద ఇయర్‌మఫ్‌లలోనే బ్లూటూత్ పెట్టి, పాట సుమారు 82 డెసిబెల్స్ దాటకుండా కట్టడి చేసినవి వస్తాయి. శబ్దాన్ని ఆపుతూనే పాట వినిపిస్తాయి. రేటు వేలల్లో ఉంటుంది, ఎండాకాలం రేకుల షెడ్డులో ఉడుకు కూడా. కొనమని నేను ఒత్తిడి చెయ్యను. ఓనరుని అడగాల్సింది మాత్రం ప్లగ్గులు. పన్నెండు మందికి నెలకి సరిపడా ఫోమ్ ప్లగ్గులంటే షెడ్డు కరెంటు బిల్లు పక్కన అది కనపడని ఖర్చు. నువ్వు ఒక్కడివే అడిగితే నవ్వుతాడేమో, నలుగురు కలిసి అడగండి. ఈ వీడియో చూపించండి, పర్లేదు.

ఇప్పటికే గుయ్యిమనడం ఉంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళది హియర్‌డబ్ల్యూహెచ్ఓ అని ఫ్రీ యాప్ ఉంది. చప్పుడు వెనకాల అంకెలు చెప్తుంది, విన్నవి నొక్కాలి. మూడు నిమిషాల పని. అందులో స్కోరు తక్కువొస్తే అనంతపురం ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఈఎన్‌టీ ఉంది, పోయి ఆడియోమెట్రీ చేయించుకో. ఆ కాగితం మీద గీత 4000 దగ్గర గుంతలా దిగి ఉంటే, అది మగ్గం రాసిన గీత.

ట్రైన్ వాళ్ళు, బస్సు వాళ్ళు, మీకు కూడా రెండు సెట్టింగులు. ఐఫోన్‌లో హెడ్‌ఫోన్ సేఫ్టీ అని ఉంటుంది, పెద్ద శబ్దాలు తగ్గించు అని ఆన్ చేసి 85 కంటే తక్కువ పెట్టుకోండి. సాంసంగ్‌లో మీడియా వాల్యూమ్ లిమిట్ ఉంది. పెద్దవాళ్ళకి వారానికి 40 గంటలు వినేవాళ్ళైతే 80 డెసిబెల్స్, పిల్లలకి 75 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. రోజూ ధర్మవరం నుంచి బెంగళూరు పోయి వచ్చేవాళ్ళకి 40 గంటలు పెద్ద విషయం కాదు, వారం తిరక్కుండానే అయిపోతాయి.

పట్టాలు దాటేటప్పుడు చెవుల్లోంచి తీసేయండి. ఫుట్ ఓవర్ బ్రిడ్జ్ ఎక్కడానికి బద్ధకించి అడ్డంగా దాటేవాళ్ళని హిందూపురం స్టేషన్‌లో రోజూ చూస్తున్నాం. అది తప్పే, చెవుల్లో ఏఎన్‌సీ పెట్టుకుని దాటడం ఇంకా పెద్ద తప్పు. కరెంటు ఇంజన్ పాత డీజిల్ ఇంజన్ లాగా అరుచుకుంటా రాదు. వచ్చే ఆ కాస్త హోరునే ఏఎన్‌సీ మొట్టమొదట తినేసేది. హైవే 44 మీద బైకులో కూడా అంతే. వెనకాల లారీ వస్తున్న హోరు మీకు వినపడాలి. ట్రాన్స్‌పరెన్సీ మోడ్ పెట్టుకున్నామన్నా అంటారు, హెల్మెట్‌లో గాలికి ఆ మోడ్‌లో వినపడేది గాలే.

తమ్ముడూ, నీ రెండు వేలు ఇట్లా ఖర్చు పెట్టు. వంద రూపాయలకి ప్లగ్గులు, రేపే. ఎనిమిది వందలకి మంచి వైరు ఐఈఎమ్, ఇంటికాడ, ట్రైన్లో వినడానికి, సగం వాల్యూమ్‌లో. మిగిలింది జేబులో పెట్టుకో. పది రోజులు ప్లగ్గులు వాడినాక, రాత్రి పడుకునేటప్పుడు చెవిలో గుయ్యిమనడం తగ్గిందా లేదా అని ఇంకో వాయిస్ మెసేజ్ పెట్టు. ఈసారి షెడ్డు బయటికి వచ్చి మాట్లాడప్పా, నాకూ వినపడాల కదా.

వచ్చే వారం ఐదు వందల లోపు ఐఈఎమ్‌లు నాలుగు తెప్పించి హిందూపురం మెములోనే పెట్టుకుని చూపిస్తా. ఉంటా మరి.